నోటు మీద సేనాని

రబ్బరు స్టాంపులు చేసే అమ్మాయి టీకొట్టు బల్ల మీద ఓ కాగితం పెట్టుకుని పొద్దుటి నుంచీ తేల్చుకోలేకపోతోంది. కొత్త నోటు మీద పాతకాలపు సేనాని బొమ్మ వేయాలా వద్దా అని సర్కారు జనాన్ని అడిగింది. రాసి పంపడానికి ఇవాళే ఆఖరు. యుద్ధంలో దేశాన్ని నిలబెట్టిందీ ఆయనే, నది అవతలి పేటని తగలబెట్టించిందీ ఆయనే. ఈ అమ్మాయి నానమ్మ ఆ పేటలోనే పుట్టింది, పోయేదాకా ఒకటే అడిగేది, "ఆ మనిషి ఆ తర్వాత ఒక్కసారైనా బాధపడ్డాడంటావా?" అని. ఎవరికి తెలుసు?

"నాకు తెలుసు," అన్నాడు నోట్ల బాబాయ్. నోట్ల ప్రెస్సులో చేసి రిటైరయ్యాడు, అందుకే ఆ పేరు. ఆయన మొదలుపెడితే చేతిలో టీ చల్లారాల్సిందే. "ఆ నోటుకి నమూనా నేనుండగానే తయారైంది, దాని ఉక్కు పలక చెక్కిందెవరనుకున్నావ్? ఈ చెయ్యే!"

"నిన్నటిదాకా చెప్పలేదేం?" అన్నాడు పక్క సెలూన్ అతను.

"రహస్యం నాయనా! మొదట మీసంలో ఒక్క వెంట్రుక గియ్యమన్నారు, పెద్ద మేస్త్రీకి చెయ్యి వణికిందట. గీశాను. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి, మీసమంతా నువ్వే కానియ్యి అన్నారు, మూడు పగళ్ళు రెప్ప వెయ్యకుండా చెక్కాను, నాలుగోనాడు ఉలి తగలగానే మీసం అదిరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకున్న గుర్రం తుమ్మింది!"

"ఉక్కు గుర్రం తుమ్మిందా?"

"మామూలు తుమ్మా అది! మేనేజరు విగ్గు ఇప్పటికీ దొరకలేదు. ఇంకేముంది, సేనాని పలకలోంచి దిగి, బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు."

"టీ ఇచ్చావా?" అన్నాడు కొట్టాయన.

"ఇస్తే గుర్రానికి పొయ్యమన్నాడు. బకెట్టుడు తాగిందది."

అందరూ నవ్వారు. కోతలని ఆమెకీ తెలుసు, అయినా వినాలనిపించి ముందుకి వంగింది. "నది అవతలి పేట సంగతేమైనా అన్నాడా, బాబాయ్?"

బాబాయ్ ఆమె మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు. "అక్కడికే వస్తున్నా తల్లీ. బొమ్మ కింద 'ప్రజారక్షకుడు' అని చెక్కానా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పలక చేతిలోకి తీసుకుని గడగడా చదివాడు. చదివి భోరుమన్నాడు. ఆ పేట పేరు చెప్పి మరీ ఏడ్చాడు, ఈ మాటకి నేను తగను అన్నాడు. ఆ కన్నీళ్ళకి ప్రెస్సు మూడో అంతస్తు దాకా మునిగిపోయి, నేను కిటికీలోంచి ఈదుకుంటూ ఇంటికొచ్చాను!"

ఆమె మనసు కరిగింది. ఈతా గీతా అటుంచితే, ఆ ఏడుపొక్కటి నిజమైతే చాలు, నానమ్మకి జవాబు దొరికినట్టే. పెన్ను తీసి 'వేయండి' అని రాయబోయింది. చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా అక్షరాలు తిరగేసి చెక్కుతున్న చెయ్యి అది.

"బాబాయ్, పలక మీదే చదివాడా? అద్దం పట్టకుండానే?"

"అద్దమెందుకే? అంత గుండ్రంగా చెక్కితేనూ!"

"పలక మీద తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. నా స్టాంపులైనా, మీ నోట్లయినా అంతే. పలక మీద గడగడా చదవగలిగితే ఆ నోటు ఎవడూ చదవలేడు. నిజం చెప్పు, ప్రెస్సులో నీ పనేంటి?"

బాబాయ్ గ్లాసులోకి చూశాడు. "గేటు దగ్గర. బయటికెళ్ళేవాళ్ళ జేబులు తడిమేవాణ్ణి."

కొట్టంతా గొల్లుమంది. ఆమెకి నవ్వు రాలేదు, దిగులేసింది. "మరి, ఏడ్చాడన్నది?"

"అదీ నేనే అల్లానమ్మా. ఏడ్చి ఉంటే బాగుండునని."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని 'వద్దు' అని రాసింది.