ఎదుటివారి గోడు మన నోట

1985 మార్చి 11న రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరిన శ్రీమతి మునీరా గారు, ఈ నెలాఖరున పట్టణ పురపాలక ఉపాధ్యక్ష పదవి నుండీ, రాజకీయాల నుండీ విశ్రాంతి తీసుకుంటున్నారు. ఈ వార్త విన్న కార్యాలయ పర్యవేక్షకురాలు స్వర్ణకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఇకనైనా వేళకు అన్నం తినవచ్చునన్న ఊరట.

బెజ్జంకిలో భూతగాదాలు తీరుస్తూ తహసీల్దారు స్థాయికి ఎదిగిన మునీరా గారిని, ఉర్దూ, అరబ్బీ వచ్చినందున, గల్ఫ్‌లోని మన రాయబార కార్యాలయానికి పంపారు. కూలి అందని మనవాళ్లకూ, ఇవ్వని యజమానులకూ నడుమ కూర్చుని వారు అక్కడ ఒక నియమం పట్టుకున్నారు: ఎదుటివారి గోడును వారు ఔననేలా చెప్పగలిగితేనే, తమ గోడు చెప్పుకోవాలి. ఉద్యోగ విరమణ తర్వాత కౌన్సిలరుగా గెలిచిన నాటి నుండి ఆ నియమంతో అందరి ప్రాణాలూ తోడేశారు. మురికినీటి మోరీ తగాదా అయినా సరే, సమావేశం చాయ్‌తో మొదలై ఆకలితో ముగిసేది.

నిరుడు, తన దుకాణం ముందు కూరగాయలమ్మే ఐలవ్వను తీసేయించాలని వ్యాపారి భిక్షపతి గారు పట్టుబట్టారు. ఆ జాగ పోతే ఐలవ్వ బతుకుదెరువే పోతుంది. తొలగింపు తీర్మానం సిద్ధం, సంతకమే తరువాయి.

"సేటూ, ముందుగాల ఐలవ్వ బాధ మీరు చెప్పున్రి," అన్నారు మునీరా గారు, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి.

"జాగ పోతే... జర కష్టమైతది."

"జరనా! నా గంప నెత్తిన పెట్టుకొని గల్లీలు తిరుగు, ఎరుకైతది!" ఐలవ్వ ఒప్పుకోలేదు.

స్వర్ణకు ఓపిక నశించింది. "మేడం, మీరు పనిచేసిన దేశంల అన్నం తినరా?"

"తింటరు స్వర్ణా. కూలి దొరికినంక."

మూడోసారికి భిక్షపతి గారి గొంతు తగ్గింది. "మోకాళ్లు నొస్తయి, తిరగలేదు. ఇంకోకాడ కూసోనియ్యరు."

"ఔ," అంది ఐలవ్వ. తర్వాత ఆమె వంతు: "నా గంపలు అడ్డమున్నయని సేటు దుకాన్లకు గిరాకి వస్తలేదు. పక్కకు జరుపుకుంటలే." భిక్షపతి గారూ ఔనన్నారు; తీర్మానం చెత్తబుట్టకు చేరింది.

మొన్న భిక్షపతి గారు మెల్లగా వచ్చి, "మేడం పోతున్నరు గద, గా తీర్మానం మళ్ల పెడ్తరా?" అని అడిగారు. అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసిన స్వర్ణ, నిట్టూర్చి మూత పెట్టేసింది.

"కూసోన్రి సేటూ. ఐలవ్వను పిలిపిస్త. ముందుగాల ఆమె బాధ చెప్పున్రి."

ఇంతటి అలవాటును అంటించి వెళుతున్న మునీరా గారు, భర్త ఇజాజ్ గారు పెట్టే చాయ్‌ని వేడి మీదనే తాగుతూ, కడుపు చల్లగా చిరకాలం వర్ధిల్లాలి. వారి అన్నం మాత్రం ఇకపై ఏ తగాదా కోసమూ చల్లారకూడదు.