ఆఖరి చరణానికి ముందు

"కోసెయ్యమంటే కోసెయ్యడానికి అదేమన్నా గోరా, అమ్మాయ్?"

"నాన్నా, ఒక్కసారి పూర్తిగా విను. డేనీ తప్పుగా ఏం చెప్పలా."

అది 1991 నవంబరు. డార్విన్‌లో వానలు ఇంకా దిగని మధ్యాహ్నం. రికార్డింగు గదిలో పియానో ముందు జోజయ్య, పక్కన స్టూలు మీద ఆసుపత్రి యూనిఫాంతోనే వచ్చేసిన కూతురు డయానా. రికార్డింగు చేసే డేనీ ఈ తండ్రీకూతుళ్ల మధ్య తలదూర్చడం ఎందుకని టీకి వెళ్లాడు.

"ఏం చెప్పాడంట?"

"తొమ్మిది జంటపాటలూ బాగున్నాయంట. ఈ వయసులో రాక్ అండ్ రోల్ అట్టా వాయించేవాళ్లు లేరంట. కానీ తొమ్మిదింట్లోనూ ఆఖరి చరణం ముందు నువ్వు ఉన్నట్టుండి ఆపేస్తున్నావంట. పాటా లేదు, పియానో లేదు. రేడియోవాళ్లు రికార్డు పాడైందనుకుంటారంట."

"అనుకోనీ."

"కంపెనీ అనుకోనివ్వదు. ఇవాళ సాయంత్రం ఫ్లైటుకి టేపులు సిడ్నీ పోవాలి."

"సాయంత్రమేనా? ఏం తొందరొచ్చింది వాళ్లకి?"

"నువ్వు నెలరోజులు నాన్చావు గనక. ఆ ఖాళీలు తీసేస్తేనే రిలీజ్. లేకపోతే ఆల్బం లేదు. దట్స్ ఇట్."

"ఆ ఫ్యాను కాస్త వెయ్యి."

"మైకులో చప్పుడొస్తుందని నువ్వేగా ఆపించావు."

"ఇప్పుడు రికార్డింగు లేదుగా."

"నాన్నా!"

"ఉక్కపోస్తోంది తల్లీ. ఈ ఉక్కకి పియానో కూడా శ్రుతి తప్పుతుంది. ఇదుగో, ఈ కింది స్వరం విను..."

"మాట మార్చకు."

"మార్చట్లా. జంటపాట అంటే ఏంది? ఇద్దరు పాడేది. ఒకళ్లకి అవసరమైతే ఇంకొకళ్లు ఆగాలి. నేను ఆగుతున్నా. అంతే."

"ఎందుకు ఆగావో పక్కనోళ్లకి తెలియాలిగా! నీతో పాడటానికి టూవూంబా నుంచి వచ్చినావిడ టేపు అయిపోయిందనుకుని, 'సారీ, తప్పు నాదేనా?' అంది. అది కూడా రికార్డయింది."

"నాకు నవ్వొచ్చింది."

"డేనీకి రాలా. జూడీ ఆంటీ అయితే ఆ ఖాళీలో ఏడ్చేసింది."

"జూడీకి తెలుసు. మీ అమ్మా నేనూ పబ్బులో పాడేటప్పుడు డ్రమ్ములు కొట్టింది జూడీ మొగుడేగా. ఆఖరి చరణం ముందు నేను చేతులు పైకి లేపేవాణ్ణి. మీ అమ్మ రాణి ఊపిరి తీసుకునేది. జనం అదేదో స్టైలు అనుకుని ఈలలేసేవాళ్లు. పాడే మనిషికి ఛాతీలో పిల్లికూతలున్నాయని ఒక్కడికి తెలీదు."

"నాకు తెలుసు."

"నీకెందుకు తెలీదు? అవి వింటూ నిద్రపోయినదానివి."

"ఇప్పుడు అమ్మ లేదుగా నాన్నా. ఈ ఆల్బంలో ఊపిరాడని వాళ్లెవరూ లేరుగా."

"ఉంది."

"ఎవరు?"

"టీ తాగావా నువ్వు? డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నావు."

"తాగా. మళ్లీ మాట మారుస్తున్నావు."

"సరే. నా వేళ్లు చూడు. పొద్దున్నే పిడికిలి పడదు. బెజవాడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి వాయించా. ఓడలో బ్యాండుతో వచ్చి ఈ ఊళ్లో దిగా. ఇన్నేళ్లలో నా పేరు పెద్దక్షరాల్లో వేసే రికార్డు ఇదొక్కటే. ఇంకోటి ఉండదు. కావాలా అంటే కావాలి. చచ్చేంత కావాలి. అయినా ఆ ఖాళీలు తియ్యను."

"ఎందుకని? ఒక్క కారణం చెప్పు. డేనీకి నేను ఇంగ్లీషులో చెప్పుకోవాలి."

"చెప్పు. డెబ్భై నాలుగులో క్రిస్మస్ ముందు రాత్రి ఈ ఊరిని ఊడ్చేసిన ట్రేసీ తుఫాను గురించి చెప్పు."

"అది వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు నాన్నా."

"ఇదే. నేను ఆ మాటెత్తితే చాలు, లేచిపోతావు. క్రిస్మస్ పొద్దున గుళ్లో నేను సాక్ష్యం చెప్పే టైముకి నీకు ఆసుపత్రిలో డ్యూటీ. ప్రతి ఏడూ అంతే. అడిగి మరీ వేయించుకుంటావంట, నీతో పనిచేసే ప్రేమిల చెప్పింది."

"ప్రేమిలకి వేరే పనేం లేదు."

"దేవుడి మీద కోపమా నీకు?"

"లేదు."

"నా మీదా?"

"కాదు నాన్నా. ఎవరి మీదా కాదు."

"మరి? నేను చెప్పేదంతా ఆయన చేసిన మేలేగా. ఇంటి కప్పు లేచిపోయింది. గోడలు పోయాయి. స్నానాలగది ఒక్కటే నిలబడింది. తొట్లో ముగ్గురం, పైన పరుపు. మధ్యలో మీ అమ్మ, అటుపక్క నువ్వు. ఆవిడ మందు ఎక్కడ పడిందో తెలీదు..."

"ప్లీజ్, నాన్నా."

"రైలింజను నెత్తి మీద నుంచి పోతున్నట్టుంది గాలి. ఆయాసం ఎక్కువైంది మీ అమ్మకి. నేనేం చెయ్యగలను, పాటగాణ్ణి. ఆవిడ చెవిలో నోరు పెట్టి పాడా. వచ్చినవన్నీ పాడా. పబ్బు పాటలు, క్రిస్మస్ పాటలు, అన్నీ. ఒక చరణం పాడటం, ఆగటం. ఆగంగానే నా మెడ మీద ఆవిడ ఊపిరి తగిలేది. వెచ్చగా, సన్నగా పిల్లికూత. అది తగిలిందా, ఇంకో చరణం. రాత్రంతా అదే. తెల్లారి గాలి తగ్గాక పరుపు తీసి చూస్తే..."

"చాలు."

"అప్పుడే పోయింది. క్రీస్తు పుట్టిన పొద్దు చూసి పోయింది. డాక్టరేమో అర్ధరాత్రికే పోయిందన్నాడు. ఒళ్లు బిగుసుకుందంట, చల్లబడిందంట. రాత్రంతా నీళ్లలో నానిన ఒళ్లు చల్లగా ఉండదా?"

"ఆయన డాక్టరు నాన్నా."

"అయితే? ఆ తొట్లో ఆయనున్నాడా? ఉన్నది మనం. సమాధి రాయి మీద డిసెంబరు ఇరవై నాలుగు అని చెక్కబోతే నేను పోట్లాడి ఇరవై అయిదు పెట్టించా. ఇప్పుడు ఖాళీలు తీసెయ్యమంటే ఏంది అర్థం? ఆయన చెప్పిందే నిజమని నేను ఒప్పుకోమనేగా?"

"పాటలో ఖాళీకీ దానికీ సంబంధం లేదు."

"నీకు లేదు. నాకు ఇప్పటికీ తగులుద్ది. చేతులు పైకి లేపంగానే, ఇదుగో, ఇక్కడ, మెడ మీద. ఎన్నో పబ్బుల్లో తగిలింది. ఈ గదిలో కూడా తగిలింది. ఒక్క పాటలోనూ తప్పలేదు."

"ఈ గదిలోనా?"

"భయపడతావేం? మీ అమ్మేగా."

"భయం కాదు."

"తొమ్మిది మందితో పాడా, డయానా. మంచి మంచి వాళ్లు వచ్చారు. కానీ తొమ్మిదిసార్లూ నేను పాడింది మీ అమ్మతోనే. ఆవిడ భాగం కోసేసి నా పేరు పెద్దక్షరాల్లో వేసుకోమంటావా?"

"నేనేం అనట్లేదు. నాకు... నాకు డ్యూటీ ఉంది, పోవాలి."

"ఇప్పుడేగా డ్యూటీ దిగి వచ్చావు. కూర్చో. నాకో ఉపాయం తోచింది."

"ఏంటి?"

"డేనీని నువ్వే పిలువు. ముసలాడికి మతి పోయిందని నా మాట కొట్టేస్తారు. నీ మాట నమ్ముతారు. ఆ రాత్రి నువ్వున్నావు, పైగా నర్సువి. 'మా అమ్మ తెల్లారేదాకా ఊపిరి తీసుకుంది, నేను విన్నాను' అని ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పు. రికార్డు అట్ట మీద అచ్చేయమందాం. కింద నా పేరూ, నీ పేరూ. అప్పుడు ఆ ఖాళీ ఏంటో రేడియోవాళ్లకీ తెలుస్తుంది, కంపెనీవాళ్లూ నోరు మూసుకుంటారు."

"అట్ట మీద అచ్చేస్తారా?"

"ఏం, మంచిదేగా?"

"నేను చెప్పలేను."

"సిగ్గా?"

"కాదు."

"ఒక్క మాటేగా అమ్మాయ్. ఇంత చిన్న సాయం... ఏడుస్తావేంది? ఏమైందిప్పుడు? నువ్వు వినలా?"

"వినలా."

"నిద్రపోయావా? పోతే పోయావు, పదకొండేళ్ల పిల్లవి."

"నిద్రపోలా. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. రెండో పాటలోనే వదిలేసింది నాన్నా. పిలిచా. పలకలా. ఇంతలో నువ్వు చరణం అయిపోయి ఆగావు. చాలాసేపు ఆగావు. 'రాణీ, పీల్చు' అన్నావు. మళ్లీ అన్నావు. తర్వాత అరిచావు. నువ్వట్టా అరవడం నేనెప్పుడూ వినలా."

"అవును, అరిచా. ఆ ఒక్కసారి ఆలస్యమైంది. కానీ వచ్చింది! ఆలస్యంగానైనా వచ్చింది, నా మెడ మీద..."

"అమ్మ మీదుగా నీ వైపు వంగా."

"ఏంది?"

"పిల్లికూత ఎట్టా ఉంటుందో నాకు తెలుసుగా. రోజూ వినేదేగా."

"డయానా..."

"నువ్వు పాట ఆపేస్తే ఆ చీకట్లో ఇంక నాకెవరూ లేరనిపించింది. అందుకే నువ్వు ఆగినప్పుడల్లా, తెల్లారేదాకా, నీ మెడ మీద అమ్మలా ఊపిరి తీసుకుంది నేను నాన్నా."