ఇరుకు సందులో ఎత్తుగడ

ఇరుకు సందులో రెండు కార్లు ఎదురెదురుగా ఆగి ఉన్నాయి. ఎదుటి కారు అద్దం మీద ఎండ తళతళలాడుతోంది. మనుషుల ఎత్తుగడల మీద కాలేజీలో పాఠాలు చెప్పే మొగుడి పక్కన భార్య ఉడికిపోతోంది.

"వెనక్కి తీయండి. అమ్మ రైలు దిగి ఎదురుచూస్తుంటుంది."

"తగ్గితే లోకువైపోతాం. మనం తగ్గలేమని తెలిస్తే వాడే తగ్గుతాడు. ఇదిగో, చూడు!"

"అయ్యో, తాళం మురుక్కాలవలోకి విసిరేశారేంటండీ!"

"అదే ఎత్తుగడ! ఇక మనం కదల్లేం. వాడు కదలక చస్తాడా?"

"ఉండండి, దిగి చూస్తా... ఏమండీ, ఈ కారులో ఎవరూ లేరు!"

ఆమె ఫోన్ తీసింది.

"అమ్మా, నువ్వే ఆటో ఎక్కి వచ్చెయ్. దారిలో పొడుగాటి కర్ర ఒకటి పట్టుకురా. మీ అల్లుడికే. ఛఛ, కొట్టడానికి కాదమ్మా, కాలవలో తాళం వెతకడానికి. దొరికాక నీ ఇష్టం."