సైగ చేసింది నేనే

నా పేరు తోంకా మరాస్. వయసు ఇరవై నాలుగు. జదర్ నగర గ్రంథాలయంలో సహాయకురాలిని. సిస్టర్ల బడిలో చదువుకున్నాను. వీత్సె మరాస్ నాకు అన్న. ఇద్దరం మా నోనా, అంటే అమ్మమ్మ, దగ్గర ఉంటాం.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా అన్న ఇంటర్నెట్‌లో చిన్న పోకర్ టోర్నమెంట్ ఆడి గెలిచాడు. ఆడుతూ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సలహా అడిగాడని ఆట నడిపే సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. అన్న వచ్చే నెల ఫెర్రీలో ఉద్యోగంలో చేరాలి. మోసం కేసుంటే చేర్చుకోరు.

ఆ ప్రోగ్రామ్ నాది. ఆదివారం అది మూసి ఉంది.

ఆట ముగిశాక దానికి ఆ ఆట చూపిస్తే ఎక్కడ తప్పామో చెబుతుంది. అలా నేర్చుకోవడానికి అనుమతి ఉంది. మొదట్లో అన్న ప్రతిసారీ త్వరగా ఓడిపోయేవాడు. చిప్స్, అంటే పందెం బిళ్లలు, తగ్గినప్పుడు ఏ ముక్కలతో అన్నీ ఒడ్డాలో, ఏవి పారేయాలో కూర్చుని చదివే ఓపిక అతనికి లేదు. నేను చదివాను. చలికాలమంతా చదివాను. బడిలో ప్రార్థనలు కంఠస్థం చేసినట్టే చేశాను. అరల్లో పుస్తకాలు సర్దుతుంటే పెదవులు కదిలేవి.

"ఇన్ని తెలిసినదానివి నువ్వే ఆడొచ్చుగా, మహాతల్లీ!" అన్నాడు అన్న.

ఆడాను. తెర మీద గడియారం తిరుగుతుంటే నా చెయ్యి కదలదు. వంతు దాటిపోతుంది.

అందుకని అతను ఆడేవాడు, నేను ఎదురుగా కూర్చునేదాన్ని. అతని వెనక గోడ మీది టీవీలో ఆట నాకు కనబడేది. మా ఇంట్లో బ్రిష్కుల ఆడతాం. ఆ పేకాటలో జతగాళ్లు ఎదురెదురుగా కూర్చుని సైగలు చేసుకుంటారు. అది తప్పు కాదు, నేర్పు. నోనాయే నేర్పింది. పోకర్‌లో నేను పెదవి బిగిస్తే చిప్స్ అన్నీ ఒడ్డమని అర్థం. పైకప్పు చూస్తే పారేయమని.

ఆ ఆదివారం ఆట మధ్యలో నోనా చిన్న చేపలు వేయించి తెచ్చింది. "ఇదేమిట్రా, పిల్ల ఇందాకట్నుంచీ పైకే చూస్తోంది? ఒక్క మంచి ముక్కా రాలేదా నీకు?"

"గట్టిగా అరవకు నోనా, అవతలివాడు వింటాడు."

"ఎక్కడున్నాడు వాడు?"

"లిస్బన్‌లో."

"అయితే చేప తిను."

ఎవరి ముక్కలు వాళ్లే సొంతంగా ఆడాలన్న నియమం నేను చదివాను. అది ప్రోగ్రామ్‌లకు అనుకున్నాను. ప్రోగ్రామ్ మూసి ఉంది.

ఇన్‌స్పెక్టర్ గారు ఆదివారం ఆట తెర మీద పెట్టి, ఒక్కో పంపకానికీ ఏం చేయాలో నన్ను అడిగారు. ఆగకుండా చెప్పాను. "మరి ఆ ప్రోగ్రామ్‌కీ నీకూ తేడా ఏమిటమ్మా?" అన్నారు. ఆదివారం ప్రోగ్రామ్ మూసి ఉందని మళ్లీ చెప్పాను.

తర్వాత అన్నను పిలిపించి నాకెదురుగా కూర్చోబెట్టారు. "నీ చెల్లెలు సైగలు చేసిందా?" అని అడిగారు.

అన్న నా ముఖం చూశాడు. నా పెదవి బిగుసుకోబోతుంటే చేత్తో మూసుకున్నాను. అతను సైగ కోసం ఇంకా చూస్తూనే ఉన్నాడు. అతను చూడడం ఇన్‌స్పెక్టర్ గారు చూశారు. ప్రోగ్రామ్ మూసి ఉందన్న నా మాట అప్పుడు రాసుకున్నారు.

ఇది నేను చెప్పగా రాసినది. నాకు చదివి వినిపించారు. ఇందులో కలిపినదీ దాచినదీ లేదు. ఎవరి ముఖమూ చూడకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం) తోంకా మరాస్