మా ఇంట్లో ‘పని’ అన్న మాట

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్ద డాక్టరమ్మగారికి, ఈ సంతాన సాఫల్య విభాగంలో పనిచేస్తున్న అందరికీ, నాలాగే ఇక్కడి వరండా బల్లల మీద కూర్చుని కూర్చుని ఒకరికొకరు బంధువులైపోయిన మీ అందరికీ నమస్కారం. ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న సిస్టర్‌గారి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మా ఇంట్లో పెద్దక్కను, ఆవిడ ఊరందరికీ సిస్టర్. అందుకే మా ఇద్దరికీ మొదటినుంచీ పడింది. (నవ్వులు)

ఒక ఉదయం సంగతి చెబుతాను. ప్రార్థన ముగించుకుని వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టే అరలోంచి మందు సీసా తీశాను. మా చిన్న చెల్లెలు స్టూలు మీద కూర్చుని పొట్ట మీద మంచుముక్క రుద్దుకుంటోంది. ఆసుపత్రి దగ్గరని అదీ, దాని భర్త అయిన మా మరిదీ మా ఇంట్లోనే ఉండేవారు. రోజూ సూది వేసేది నేనే. నేర్పింది ఈ సిస్టరే, ఒక బత్తాయి పండు మీద. ఆ పండు తర్వాత నేను తినేశానని ఆవిడకి ఇప్పుడే తెలుస్తోంది. (నవ్వులు) అవతలి గదిలో నాన్నగారు పేపరు పైకి చదువుతున్నారు, అన్నీ మహమ్మారి వార్తలే. మరిది చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

“అన్నీ ఆపేయమన్నారమ్మా, అత్యవసరం కానివన్నీ. ఈ రోజు సూది వేయకండి” అన్నారు సిస్టర్. మళ్ళీ ఎప్పుడని అడిగితే తెలియదన్నారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మనిషిని ఆ రోజుల్లో నేను ఆవిడనొక్కరినే చూశాను. చెల్లెలికి అప్పటికే నలభై దగ్గర పడుతోంది. మంచుముక్క సింకులో పడేసి, “ఎవరికి అత్యవసరం కాదటక్కా?” అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఇంట్లో ఈ వైద్యం పేరు ఎవరమూ పలికేవాళ్ళం కాదు. ‘పని’ అనేవాళ్ళం. పని మీద వెళ్ళారు, పని ఎంతవరకు వచ్చింది, అంతే. అది ఏ పనో నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఫోను ఎవరని ఆయన అడిగితే, పని ఆగిపోయిందని చెప్పాను. ఆయన నేరుగా వెళ్ళి, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, మరిదిని కూర్చోబెట్టి, “పోతే పోయిందిలే అల్లుడూ, ఇంకోటి దొరుకుతుంది” అన్నారు. ఉద్యోగం పోయిందనుకున్నారు. (నవ్వులు) మేమూ ఇప్పుడు నవ్వుకుంటాం. ఆ రోజు మరిది నవ్వలేదు, అది కాదని చెప్పనూ లేదు. మామగారి చేయి పట్టుకుని ఏడ్చాడు. మేమంతా చెల్లెలి చుట్టూనే తిరుగుతున్నాం. అతన్ని ఓదార్చింది ఆయనొక్కరే.

తర్వాత నెలల తరబడి రోజూ ఎవరో ఒకరు పోయారన్న కబురే. అలాంటప్పుడు ఇంకా రాని బిడ్డ కోసం ఏడవడానికి చెల్లెలికి సిగ్గేసింది. ప్రాణాలతో ఉన్నాం, అదే పదివేలు అనేవారు బంధువులు. నిజమే. నేనూ దేవుడికి అదే చెప్పి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ మాటతో దాని గుండె బరువు మాత్రం తగ్గలేదు. సిస్టర్‌గారికి అప్పుడు జ్వరాల వార్డులో డ్యూటీ. అయినా మధ్యమధ్య ఫోను చేసి, చెప్పడానికేం లేదమ్మా, ఊరికే చేశాను, ఏం వండారు అని అడిగేవారు. ఆ పూట చెల్లెలు కాస్త అన్నం తినేది.

ఈ విభాగం మళ్ళీ తెరిచాక మొదటినుంచి మొదలుపెట్టాం. అండాలు బాగా తగ్గిపోయాయన్నారు. తయారైన ఒక్క పిండమూ నిలవలేదు. ఆగకుండా జరిగి ఉంటే నిలిచేదా అని చెల్లెలు అడిగింది. పెద్ద డాక్టరమ్మగారు పాపం శాతాలు చెప్పబోయారు. (డాక్టరమ్మగారు నవ్వుతూ తలూపారు) సిస్టర్‌గారు చెల్లెలి పక్కన కూర్చుని, “నిలిచేదేమో, నిలవకపోయేదేమో. కానీ నీకు పోయింది మాత్రం పోయిందమ్మా” అన్నారు. ఆవిడ భుజం మీద తల పెట్టుకుని, మాస్కు తడిసిపోయేదాకా, అందరూ చూస్తుండగా ఏడ్చింది మా చెల్లెలు.

సిస్టర్‌గారూ, ఆ మాట అన్నందుకు మా ఇంటిల్లిపాదీ మీకు ఋణపడి ఉన్నాం. దేవుడు మీకు ఆరోగ్యమూ, తీరికా ఇవ్వాలి. పిలిచి మాట్లాడించినందుకు సభకు కృతజ్ఞతలు. ఆ సాయంత్రం సంగతి కూడా చెప్పి దిగిపోతాను.

ఇంటికొచ్చాక చెల్లెలు నాన్నగారి ఎదురుగా కూర్చుని మొత్తం తనే చెప్పింది. ఆయన విని, అల్లుడి వైపు చూసి, “అయితే నువ్వు ఆ రోజు ఏడ్చింది దీనికా?” అన్నారు. మరిది తలూపాడు. ఇక చాలు, మళ్ళీ వెళ్ళలేనంది చెల్లెలు. ఇంకొక్కసారి అనే మాట నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. నాన్నగారు, “మనింటికి రావలసిన మనిషి రాలేదు. ఏడవనీండి” అన్నారు.

వైద్యం అక్కడితో ఆపేయాలని, అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాలని, వాళ్ళిద్దరూ గదిలో ఏడుస్తుంటే ఇవతల ఎవరూ టీవీ శబ్దం పెంచకూడదని ఆ సాయంత్రం నిర్ణయించుకున్నాం.

సెలవు.