సింధూరి తీయడం మరిచిన మైకు

"మే పన్నెండండీ. ఆ మధ్యాహ్నం మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు తిన్నాం. మా ఇంట్లో షూటింగ్ చేసిన ఆఖరి రోజు. ఆ రోజు రికార్డింగొక్కటైనా ఇప్పించండి."

పటమటలోని ఎడిటింగ్ గదిలో ఆ నటుడు ఎడిటర్‌కి చేతులు జోడించాడు. ఆయన భార్య, నటి సింధూరి, చనిపోయి నెలయింది.

"మీ ఇద్దరి కాపురం మీద తీసిన రియాలిటీ షో ఆపేశాక హార్డ్‌డిస్కులన్నీ చెరిపి వంటల ప్రోగ్రామ్‌కి వాడేశారు సార్."

"మా వల్ల ఏం తప్పు జరిగిందండీ?"

"మీరు పోట్లాడుకోలేదు సార్. గొడవల్లేని కాపురం ఎవరు చూస్తారన్నారు చానల్‌వాళ్లు."

"సినిమాల్లో ఆమెకి వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పారు. ఇంటర్వ్యూల్లో అంతా బెరుకే. ఇంట్లో మాట్లాడే గొంతు నాకెక్కడా మిగల్లేదు. రోజుకి కొంచెం మర్చిపోతున్నానండీ."

ఎడిటర్ సొరుగు తెరిచి ఒక పెన్‌డ్రైవ్ తీశాడు.

"ఒకటుంది సార్. ఆ రోజు కెమెరాలు కట్టేశాక మేడం మైకు తీయడం మర్చిపోయారు. తడి తువ్వాలు మంచమ్మీద పడేశారని మిమ్మల్ని పావుగంట కడిగేశారు."

"అది చానల్‌కి ఇవ్వలేదా?"

"ఇస్తే షో ఆపేవాళ్లు కాదు. ఇంట్లో మాట బజార్లో పెట్టడానికి చెయ్యి రాలేదు. దాచేశాను."

"అన్నీ తిట్లేనా?"

"తిట్లే సార్. మధ్యలో ఒకసారి నవ్వారు."

"పెట్టు నాయనా."

ఎడిటర్ ఆయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, ఆ రాత్రికి గది ఆయనకే వదిలి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.