ముట్టుకోవద్దన్న తుప్పు

వంటగది బల్ల మీద, ఎన్నడో పేలడం మానేసిన పాత తుపాకీ. దానికి చెరోపక్క కొత్త పెళ్లికొడుకు, కొత్త పెళ్లికూతురు.

"ఫోన్లో మీ తాతయ్యే. నన్ను 'మనవడా' అన్నారు. నిన్నటిదాకా 'ఆ అబ్బాయి'నే కదా."

"పాసయ్యారన్నమాట. ఇంకా?"

"గీత పడకుండా తుప్పు వదిలిస్తే తుపాకీ మనకే ఇచ్చేస్తారట. రేపు భోజనానికొచ్చి చూస్తారట. ఆ గరుకు కాగితం ఇలా ఇవ్వు, గొట్టం తళతళలాడిస్తాను."

"చేతులు వెనక్కి. ఆ గోధుమరంగుది తుప్పు కాదు, గొట్టం ఒంటిరంగే అది. వేలికి ఎర్రగా పొడిలా అంటుకునేదే తుప్పు. కుట్టుమిషన్ నూనె రాసి, నాననిచ్చి, ఈ రాగి కాసు అంచుతో మెల్లగా గీకాలి. రాగి మెత్తన, ఇనుముకు గీత పడదు."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లెండి. ఇదిగో, పిడి మీది ఈ రేకు కూడా..."

"అమ్మో, దాన్ని ముట్టుకోవద్దన్నారు. ఆయన గురిపోటీలో గెలిచిన నాటిదట. ఆ తుప్పు శుభమట."

"తుప్పు శుభమేమిటండీ?"

"నాకేం తెలుసు? పెళ్లిలో ఆ కథ మూడుసార్లు చెప్పారు. కళ్లు మూసుకుని కొట్టారట."

"మూసుకున్నమాట నిజమే."

"ఏమిటీ?"

"ఏం లేదు. పొద్దున్నే రేకుకు నూనె రాసేశాను."

"చచ్చాం. మళ్లీ 'ఆ అబ్బాయి'నైపోతాను."

"రాసిన నూనె ఎలాగూ వెనక్కి రాదు. కాసు పట్టుకోండి."

"నువ్వే గీకు, నేను చూడను... ఆగాగు, అవి అక్షరాలా?"

"చదవండి."

"'గురిపోటీ, మొదటి బహుమతి, శ్రీమతి...' శ్రీమతి ఏమిటి? ఇది మీ అమ్మమ్మ పేరు కదూ?"

"అవునండోయ్."

"నీ మొహంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదే. మరి ఆ రోజు తాతయ్యెక్కడున్నారు?"

"చూసేవాళ్లలో. చెవుల్లో దూది పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని."

"ఇదంతా నీకు..."

"నూనె సంగతి, కాసు సంగతి చెప్పిన మనిషే చెప్పింది."

"అమ్మమ్మా? మరి ఇన్నేళ్లూ ఊరుకున్నారా?"

"పోనీలే, మొగుడి ముచ్చట అనుకుందట. మన పెళ్లిలో మూడోసారి విన్నాక ఓపిక అయిపోయిందట."

"రేపు ఆయన మొహం ఎలా చూడను?"

"మీరు చూడాల్సింది రేకు. తుపాకీని తాతయ్య కుర్చీకి ఎదురుగా తగిలించండి. రేపు అమ్మమ్మ కూడా వస్తోంది. ఆయన కథ మొదలెట్టగానే పైకి చదివి వినిపించాల్సింది మీరేనట, మనవడుగారూ."